నవ్వులు పండించిన చక్రపాణి

సెలవు దినాన మధ్యాహ్న భోజనం ముగిసిన పిమ్మట ఇంటిల్లిపాదీ ఒకచోట చేరి పాత చలనచిత్రాన్ని చూడటం తెలుగు ఇళ్ళలో ఎంతో కాలంగా ఉన్న ఆనవాయితీ. అలా తాతల కాలం నుండి మనుమల కాలం దాకా ఆదరణ తగ్గని చిత్రాలలో ‘మిస్సమ్మ’ ఒకటి. 1955 జనవరి 12వ తేదీన విడుదలైన ఈ చిత్రాన్ని బాల్యంలో చూసినవారికి అందులోని నవ్వులే గుర్తుంటాయి. తనను తాను గొప్ప అపరాధ పరిశోధకుడిగా భావించుకొనే అక్కినేని నాగేశ్వరరావు చేష్టలు, రేలంగి మాటకారితనం, రమణారెడ్డి బక్కపలుచని ఆకారం పిల్లలను కడుపుబ్బ నవ్విస్తాయి. కథ ఏమిటని అడిగితే, పెళ్ళి కాని ఇద్దరు భార్యాభర్తలుగా నటించడమని వారు క్లుప్తంగా చెబుతారు.

అదే చిత్రాన్ని కొన్నేళ్ళ తరువాత, కళాశాలలో అడుగుపెట్టిన వయసులో, మరొకసారి చూసినప్పుడు ఆశ్చర్యం కలుగుతుంది. నవ్వు ఏమాత్రం తగ్గదు. కానీ ఆ నవ్వుల నడుమ ఇంతకుముందు కంటపడని విషయాలు కనిపిస్తాయి. పట్టా చేతపట్టుకొని కూడా ఉద్యోగం దొరకక తిరుగుతున్న యువతీయువకులు కనిపిస్తారు. అప్పు తీర్చలేక అవమానపడుతున్న ఒక తండ్రి, తప్పిపోయిన కుమార్తెను మరచిపోలేక ఆమె పేర పాఠశాల నడుపుతున్న దంపతులు కనిపిస్తారు. ఇవన్నీ మొదటిసారి చూసినప్పుడూ తెరమీద ఉన్నవే. మన వయసు పెరిగి, లోకం కొంత తెలిసిన తరువాత గాని అవి మన దృష్టికి రాలేదు. పిల్లలకు పిల్లలంతగా, పెద్దలకు పెద్దలంతగా అర్థమయ్యే ఈ కథను తెలుగువారికి అందించిన వ్యక్తి చక్రపాణి. ఆయన జీవితాన్ని తెలుసుకొంటే, కష్టాన్ని కన్నీటితోనే కాక నవ్వుతో కూడా చెప్పవచ్చునన్న సంగతి మనకు బోధపడుతుంది.

చక్రపాణి అసలు పేరు ఆలూరి వెంకటసుబ్బారావు. ఆయన 1908 ఆగస్టు 5వ తేదీన గుంటూరు జిల్లా తెనాలిలో ఒక మధ్యతరగతి వ్యవసాయ కుటుంబంలో జన్మించారు. తల్లిదండ్రులు వెంకమ్మ, గురవయ్యలు. కృష్ణా కాలువల నీటితో పంటలు పండే తెనాలి ప్రాంతం ఆ రోజులలో నాటకాలకు, సాహిత్య గోష్ఠులకు, జాతీయోద్యమానికి కూడా నిలయంగా ఉండేది. అటువంటి వాతావరణంలో పెరిగిన బాలునిపై ఆ ప్రభావం పడటం సహజమే. జాతీయోద్యమ స్ఫూర్తితో ఆయన ఉన్నత పాఠశాల చదువును మధ్యలోనే విడిచిపెట్టారు. యలమంచిలి వెంకటప్పయ్య వద్ద హిందీ నేర్చుకొని, ఆ భాషా ప్రచారానికి పూనుకొన్నారు. వ్రజనందన వర్మ అనే హిందీ పండితుడు ఆయనకు చక్రపాణి అనే కలం పేరు పెట్టారు. కాలక్రమంలో ఆ పేరే స్థిరపడి, అసలు పేరు మరుగున పడిపోయింది.

బడి చదువు ఆగినంత మాత్రాన ఆయన విద్య ఆగలేదు. తెలుగు, సంస్కృతం, ఇంగ్లీషు భాషలలోని గ్రంథాలను స్వయంగా చదివి పాండిత్యం సంపాదించారు. గురువు ఎదురుగా లేకపోయినా పుస్తకాన్ని గురువుగా చేసుకొనే ఈ అలవాటు తరువాతి కాలంలో ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది.

ఇరవైనాలుగేళ్ళ వయసులో ఆయనకు క్షయవ్యాధి సోకింది. ఆనాడు క్షయ అంటే ప్రాణాంతకమైన రోగం. దానికి పనిచేసే స్ట్రెప్టోమైసిన్ అనే మందును శాస్త్రజ్ఞులు కనుగొన్నది 1943లో. అంతకుముందు రోగికి దక్కేవి మంచి గాలి, పుష్టికరమైన ఆహారం, సంపూర్ణ విశ్రాంతి మాత్రమే. అందుకోసం జనావాసాలకు దూరంగా ఆరోగ్యకేంద్రాలను ఏర్పాటు చేసేవారు. అటువంటి వాటిలో ఆనాటి చిత్తూరు జిల్లా మదనపల్లె సమీపంలోని శానిటోరియం ఒకటి. 1932లో చక్రపాణి చికిత్స కోసం అక్కడికి వెళ్ళి కొన్ని నెలలపాటు ఉన్నారు.

రోగం ఒకవైపు, ఇంటివారి ఎడబాటు మరొకవైపు, రేపటిపై నమ్మకం లేని స్థితి ఇంకొకవైపు. అటువంటి చోట పడక మీద ఉన్న యువకునికి దినమొక యుగంగా గడుస్తుంది. అయితే చక్రపాణి ఆ కాలాన్ని వృథా చేయలేదు. అక్కడ చికిత్స పొందుతున్న రోగులలో ఒక పండితుడు ఉండేవారు. ఆయన వద్ద చక్రపాణి బెంగాలీ భాషాభ్యాసం ప్రారంభించారు. ఆరోగ్యం కుదుటపడి బయటికి వచ్చేనాటికి మరొక సాహిత్యపు తలుపు ఆయనకు తెరుచుకొంది. మందు లేని రోగంతో మంచంపట్టిన మనిషి కొత్త భాషలో అక్షరాలు దిద్దుకోవడం సామాన్యమైన విషయం కాదు. తాను బతికి బయటపడతానన్న నమ్మకం ఉన్నవాడు మాత్రమే ఆ పని చేయగలడు.

స్వస్థత పొందిన తరువాత చక్రపాణి బెంగాలీ నవలలను తెలుగులోకి అనువదించడం మొదలుపెట్టారు. వాటిలో శరత్‌చంద్ర చటోపాధ్యాయ నవలలు ఆయనకు విశేషమైన కీర్తిని తెచ్చాయి. శరత్ రచనలలో గొప్ప వీరులు ఉండరు. ఉమ్మడి కుటుంబాలు, అత్తాకోడళ్ళు, అన్నదమ్ములు, నోరు విప్పి చెప్పుకోలేని ప్రేమలు, చిన్నచిన్న పంతాలు ఉంటాయి. చక్రపాణి వాటిని పండితుల గ్రాంథిక భాషలో కాక, తెలుగు ఇళ్ళలో మాట్లాడుకొనే తేట మాటలలో చెప్పారు. ఆ అనువాదాలు ఎంత సహజంగా ఉండేవంటే, శరత్‌బాబు తెలుగు రచయితేనని భావించిన పాఠకులు ఎందరో ఉండేవారు. అనువాదకునికి ఇంతకు మించిన ప్రశంస ఉండదు. కుటుంబ జీవితంలోని సున్నితమైన అంశాలను గమనించే చూపు, వాటిని తేలిక మాటలలో చెప్పే నేర్పు ఆయనకు ఈ కృషిలోనే అలవడ్డాయని చెప్పవచ్చు.

అనువాదాలతో పాటు సొంతంగా కథలు, నవలలు కూడా రాశారు. 1930వ దశకం మధ్యలో మిత్రుడు కొడవటిగంటి కుటుంబరావుతో కలిసి తెనాలిలో ‘యువ’ మాసపత్రికను ప్రారంభించారు. ఇద్దరూ తెనాలివారే, దాదాపు ఒకే వయసువారు. ఇద్దరికీ సరళమైన వచనంపై మక్కువ. ఈ స్నేహం తరువాతి కాలంలో తెలుగు బాలసాహిత్యానికి ఎంతో మేలు చేసింది.

రచయితగా పేరు వచ్చిన చక్రపాణికి చలనచిత్ర రంగం నుండి పిలుపు వచ్చింది. బొంబాయికి చెందిన ఒక సంస్థ నిర్మించిన ‘ధర్మపత్ని’ చిత్రానికి ఆయన సంభాషణలు రాశారు. అనంతరం బి.ఎన్.రెడ్డి తీస్తున్న ‘స్వర్గసీమ’కు మాటలు రాయడానికి మద్రాసు చేరుకొన్నారు. 1945లో విడుదలైన ఆ చిత్రం రచయితగా ఆయన స్థానాన్ని పదిలపరచింది. అక్కడే బి.ఎన్.రెడ్డి తమ్ముడు, ముద్రణాలయ నిర్వాహకుడు అయిన బి.నాగిరెడ్డితో ఆయన మైత్రి బలపడింది. నాగిరెడ్డి కార్యదక్షుడు, వ్యవహారజ్ఞుడు. చక్రపాణి మితభాషి, ఆలోచనాపరుడు, ముక్కుసూటి మనిషి. స్వభావాలు వేరైనా ఇద్దరి మధ్య స్నేహం జీవితాంతం చెక్కుచెదరలేదు. చిత్రరంగంలో ఎవరి నోట విన్నా నాగిరెడ్డి, చక్రపాణి అనే రెండు పేర్లు ఒక్కటిగానే వినిపించేవి.

ఈ స్నేహం నుండి పుట్టిన మొదటి గొప్ప ఫలం ‘చందమామ’. దేశానికి స్వాతంత్ర్యం రావడానికి ఒక నెల ముందు, 1947 జులైలో, పిల్లల కోసం ఈ మాసపత్రిక తెలుగు, తమిళ భాషలలో వెలువడింది. క్రమంగా అది పన్నెండుకు పైగా భాషలకు విస్తరించింది. 1952 నుండి కొడవటిగంటి కుటుంబరావు దాని సంపాదక బాధ్యతలు వహించారు. భేతాళ కథలు, జానపద కథలు, పురాణ గాథలు రంగురంగుల బొమ్మలతో ప్రతి నెలా ఇంటికి వచ్చేవి. పిల్లలకు అర్థంకాని మాట ఒక్కటి కూడా ఉండరాదన్నది ఆ పత్రిక నియమం. అయినా దానిని పెద్దలు కూడా ఆసక్తితో చదివేవారు. ఇటీవలి కాలంలో ఆ పత్రిక ప్రచురణ ఆగిపోయినా, పాత సంచికలను భద్రపరచుకొని మళ్ళీ మళ్ళీ చదివేవారు నేటికీ ఉన్నారు.

నాగిరెడ్డి, చక్రపాణి కలిసి స్థాపించిన విజయా ప్రొడక్షన్స్ సంస్థ తొలి చిత్రం ‘షావుకారు’ 1950లో విడుదలైంది. పల్లెటూరిలో ఇరుగుపొరుగున ఉండే రెండు కుటుంబాల స్నేహం డబ్బు వ్యవహారాల వల్ల ఎలా చెడిందో ఆ చిత్రం సహజంగా చూపింది. దానికి చక్రపాణి రచన, ఎల్.వి.ప్రసాద్ దర్శకత్వం. ఆ మరుసటి ఏడాది వచ్చిన ‘పాతాళభైరవి’ అఖండ విజయం సాధించింది. 1952లో వచ్చిన ‘పెళ్ళిచేసి చూడు’ వరకట్న సమస్యను ఇతివృత్తంగా తీసుకొంది. కట్నం వంటి దురాచారంపై రాసేటప్పుడు రచయితలు సాధారణంగా కన్నీరు తెప్పిస్తారు, లేదా ఉపన్యాసం ఇస్తారు. చక్రపాణి ఆ రెండూ చేయలేదు. కట్నాశ వల్ల మనుషులు ఎంత హాస్యాస్పదంగా ప్రవర్తిస్తారో చూపారు. ప్రేక్షకులు నవ్వారు. నవ్విన తరువాత తమ ఇళ్ళలోనూ అటువంటివారు ఉన్నారని గ్రహించారు.

విజయాలతో పాటు అపజయం కూడా ఆయనకు ఎదురయింది. భారీ వ్యయంతో నిర్మించిన ‘చంద్రహారం’ 1954లో విడుదలై పరాజయం పాలైంది. సంస్థకు పెద్ద దెబ్బ తగిలిన ఆ సమయంలో చక్రపాణి ఆర్భాటం లేని ఒక ఇంటి కథతో ముందుకు వచ్చారు. అదే ‘మిస్సమ్మ’. రవీంద్రనాథ్ మైత్ర రచించిన ‘మన్‌మొయీ గర్ల్స్ స్కూల్’ అనే బెంగాలీ హాస్య నాటకం ఈ కథకు ఆధారం. రోగశయ్యపై నేర్చుకొన్న భాష ఇరవైయేళ్ళ తరువాత తెలుగువారి నవ్వుగా మారిందన్నమాట.

ఆ చిత్ర నిర్మాణం కూడా సాఫీగా సాగలేదు. నాయిక పాత్రకు మొదట ఎంపికైనవారు ఆనాటి అగ్రనటి భానుమతి. కొంత చిత్రీకరణ జరిగిన తరువాత అభిప్రాయభేదాలు తలెత్తడంతో ఆమె తప్పుకొన్నారు. అప్పటికే రెండవ నాయిక పాత్రకు నిర్ణయమైన సావిత్రిని చక్రపాణి మేరీ పాత్రకు తీసుకొన్నారు. సావిత్రి విడిచిన పాత్ర జమునకు లభించింది. చేసిన ఖర్చు వృథా అయినా ఆయన వెనుకాడలేదు. ఆ పాత్ర సావిత్రిని అగ్రతారల సరసన నిలబెట్టింది. అంతకు రెండేళ్ళ ముందు ‘దేవదాసు’గా ప్రేక్షకులను కంటతడి పెట్టించిన అక్కినేని నాగేశ్వరరావు, ఈ చిత్రంలో ప్రధాన నాయకుడు కాని హాస్య పాత్రను ధరించి అందరినీ నవ్వించారు.

ఇప్పుడు ఆ కథను పెద్దవారి కన్నుతో చూద్దాం. అప్పాపురం అనే ఊరిలో జమీందారు ఒక పాఠశాలను నడుపుతున్నాడు. అక్కడ పనిచేయడానికి భార్యాభర్తలైన పట్టభద్రులు కావాలని ప్రకటన వస్తుంది. నిరుద్యోగులైన ఎం.టి.రావు, మేరీ ఆ ఉద్యోగాల కోసం దంపతులుగా నటించవలసి వస్తుంది. అతడు హిందువు, ఆమె క్రైస్తవ కుటుంబంలో పెరిగిన అమ్మాయి. మేరీ ఈ అబద్ధానికి ఒప్పుకొన్నది సరదా కోసం కాదు. తండ్రి చేసిన అప్పును అడ్డం పెట్టుకొని తనను పెళ్ళాడాలని చూస్తున్న డేవిడ్ నుండి విముక్తి పొందడానికి ఆమెకు జీతం కావాలి. బాల్యంలో చూసినప్పుడు మేరీ ప్రతి చిన్న విషయానికీ కోపగించుకొనే గడుసు పిల్లగా అనిపిస్తుంది. మళ్ళీ చూసినప్పుడు ఆ కోపం వెనుక భయం కనిపిస్తుంది. తెలియని ఊరిలో, తెలియని ఆచారాల నడుమ, తనది కాని పేరుతో, పరాయి పురుషునితో ఒకే ఇంట ఉండవలసి వచ్చిన యువతి తన గౌరవాన్ని కాపాడుకోవడానికి చేసే ప్రయత్నమే ఆ కోపం.

జమీందారు దంపతుల ఆప్యాయత కూడా అటువంటిదే. ఎస్.వి.రంగారావు, ఋష్యేంద్రమణి ఆ పాత్రలను ధరించారు. వారు మేరీని కన్నకూతురిలా చూసుకొంటూ ఉంటే ఆమె ఇబ్బందిపడటం చూసి పిల్లలు నవ్వుతారు. చిన్ననాడు తప్పిపోయిన మహాలక్ష్మి కోసం తపిస్తున్న గుండెలు అవి అని తెలిసినవారు ఆ సన్నివేశంలో నవ్వుతూనే ఒక్క క్షణం ఆగుతారు. చివరకు మేరీయే ఆ మహాలక్ష్మి అని తేలుతుంది. కథ సుఖాంతమవుతుంది. మతాల భేదం ఈ కథకు మూలమైనా, ఏ మతంవారి మనసునూ నొప్పించకుండా రచయిత దానిని నడిపించారు. డేవిడ్ తప్ప కీడు తలపెట్టే మనిషి ఇందులో కనిపించడు. ఆ డేవిడ్ కూడా భయపెట్టడానికి బదులు నవ్విస్తాడు. పరిస్థితులే మనుషులను చిక్కులలో పెడతాయి, మంచితనమే ఆ చిక్కులను విప్పుతుంది. ఈ చిత్రం అదే సమయంలో తమిళంలో ‘మిస్సియమ్మ’గా, 1957లో హిందీలో ‘మిస్ మేరీ’గా వచ్చి ఆయా భాషలవారినీ అలరించింది.

‘మిస్సమ్మ’ తరువాత విజయా సంస్థ నుండి ‘మాయాబజార్’, ‘అప్పుచేసి పప్పుకూడు’, ‘జగదేకవీరుని కథ’ వంటి చిత్రాలు వచ్చాయి. 1962లో వచ్చిన ‘గుండమ్మ కథ’ మరొక చక్కని కుటుంబ హాస్య చిత్రం. ‘మనె తుంబిద హెణ్ణు’ అనే కన్నడ చిత్రం దీనికి ఆధారం. డి.వి.నరసరాజు మాటలు రాయగా, కమలాకర కామేశ్వరరావు దర్శకత్వం వహించారు. రామారావు, నాగేశ్వరరావు వంటి అగ్రనటులు ఉండగా, చిత్రానికి ఒక గయ్యాళి అత్త పేరు పెట్టడం చక్రపాణి వంటివారికే సాధ్యం. సూర్యకాంతం ధరించిన ఆ పాత్రను బాల్యంలో చూసినప్పుడు ఆమె ఎప్పుడు ఓడిపోతుందా అని ఎదురుచూస్తాం. పెద్దయ్యాక చూస్తే, భర్త లేని ఇంటిని తన నోటి బలంతో నెట్టుకొస్తున్న స్త్రీ, పొగడ్తలకు ఇట్టే లొంగిపోయే అమాయకురాలు ఆమెలో కనిపిస్తుంది. సవతి కూతురిని బాధపెట్టిన ఆమె తప్పును రచయిత దాచలేదు. మరొక గయ్యాళి చేతిలో తాను బాధపడుతున్నప్పుడు ఆ సవతి కూతురే వచ్చి ఆదుకొనేలా చేసి, ఆమె కళ్ళు తెరిపించారు. తప్పు చేసినవారిని శిక్షించడం కన్నా మార్చడమే ఆయన కథల స్వభావం.

చక్రపాణి కథను ఎన్నుకోవడంలోను, మలచడంలోను ఎంతో శ్రద్ధ వహించేవారు. తెరమీద ఉపన్యాసాలు వినిపించడం ఆయనకు ఇష్టం ఉండేది కాదు. డబ్బు పెట్టి వచ్చిన ప్రేక్షకుడు హాయిగా నవ్వుకొని ఇంటికి వెళ్ళాలన్నది ఆయన ఆశయం. సినిమా సమాజాన్ని చైతన్యపరచాలి గాని కేవలం వినోదం పంచితే చాలదని ఆ రోజులలోనే వాదించినవారు ఉన్నారు. ఆ వాదంలో బలం లేకపోలేదు. చక్రపాణి కథలలో చిక్కుముడులన్నీ చివరకు సులువుగా విడిపోతాయి. నిజజీవితంలో ప్రతి మేరీకీ జమీందారు తండ్రి దొరకడు. నిరుద్యోగం ఒక్క ప్రకటనతో తీరదు. అయితే ఆయన ఆ సమస్యలను చూడకుండా తప్పించుకోలేదన్నది కూడా అంతే నిజం. వాటిని కథకు పునాదిలో ఉంచారు. పునాది కంటికి కనిపించదు గాని, ఇల్లు నిలిచేది దానిపైనే. ఆ చిత్రాలు ఇన్ని దశాబ్దాలు నిలవడానికి కారణం అదే.

సాహిత్యం, పత్రిక, చలనచిత్రం అనే మూడు రంగాలలో కృషి చేసిన చక్రపాణి 1975 సెప్టెంబరు 24వ తేదీన కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు అరవైయేడు సంవత్సరాలు. ఇరవైనాలుగేళ్ళకే ముగిసిపోతుందనిపించిన జీవితానికి ఆయన మరి నలభైమూడేళ్ళను జోడించుకొన్నారు. ఆ ఏళ్ళన్నింటినీ ఇతరులను ఆనందపరచడానికే వినియోగించారు. మిత్రుడు నాగిరెడ్డి 2004 వరకు జీవించి, తమ ఉమ్మడి కృషికి దక్కిన ఆదరణను కళ్ళారా చూశారు.

మదనపల్లెలో గడిపిన రోజుల బాధను చక్రపాణి తన హాస్య చిత్రాలలో ఎక్కడా ప్రస్తావించలేదు. కానీ మృత్యువును దగ్గరగా చూసి వచ్చిన మనిషికి నవ్వు విలువ బాగా తెలిసి ఉంటుందని మనం ఊహించవచ్చు. బాధ తెలియనివాడు నవ్వించడం ఒక ఎత్తు, తెలిసి నవ్వించడం మరొక ఎత్తు. ఈసారి ఇంట్లో ‘మిస్సమ్మ’ చూసే అవకాశం వచ్చినప్పుడు, పక్కన కూర్చున్న చిన్నపిల్లలు ఎక్కడ నవ్వుతున్నారో, నాయనమ్మ ఎక్కడ కళ్ళు తుడుచుకొంటున్నదో గమనించండి. ఇద్దరూ చూస్తున్నది ఒకే చిత్రం. ఆ ఇద్దరికీ చోటున్న కథను చెప్పగలిగినందుకే చక్రపాణి తెలుగువారికి చిరస్మరణీయులయ్యారు.